ఇద్దరి పేర్లు చెప్పిన పత్రిక: 2020 డెమొక్రాటిక్ ప్రైమరీలో న్యూయార్క్ టైమ్స్ ఎండార్స్‌మెంట్, ఒక కేస్ స్టడీ

2020 జనవరి 19, ఆదివారం రాత్రి. డెమొక్రాటిక్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థి ఎవరైతే బాగుంటుందో న్యూయార్క్ టైమ్స్ సంపాదకవర్గం ప్రకటించింది. ఒకరి పేరు కాదు, ఇద్దరి పేర్లు చెప్పింది: మసాచుసెట్స్ సెనేటర్ ఎలిజబెత్ వారెన్, మిన్నెసోటా సెనేటర్ ఏమీ క్లోబుచర్. ఒకే పార్టీ ప్రైమరీలో ఆ పత్రిక ఇద్దరికి మద్దతివ్వడం అదే మొదటిసారి. మార్చి 5 నాటికి ఆ ఇద్దరూ పోటీలో లేరు. చివరికి నామినేషన్ గెలిచింది ఆ సంపాదకీయం పక్కన పెట్టిన జో బైడెన్.

నేను తెలుగు దినపత్రికల్లో ఎడిట్ పేజీ పని చేసేవాణ్ని, డెస్కులో కొత్తగా చేరే పిల్లలకు సంపాదకీయం రాయడం కూడా నేర్పుతుంటాను. ఎన్నికల సీజన్ మొదలైందంటే క్లాసులో నేను ముందుగా తీసే కేసు ఇదే. దీని గురించి మాట్లాడితే చాలు, "పేపర్లు ఎవరికి మద్దతిస్తే ఏంటండీ, ఓటర్లు ఎవరూ పట్టించుకోరు" అనే మాట ఎవరో ఒకరు అంటారు. నేను ఒప్పుకోను. టైమ్స్ మాట పనిచేయకపోవడానికి ఓటర్ల నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. పత్రిక ఎంతో శ్రమపడి, ఎవరూ చేయనంత బాగా కసరత్తు చేసి, తీరా పాఠకుడు దేనికోసం ఎదురుచూస్తున్నాడో ఆ ఒక్క మాట చెప్పకుండా ఆగిపోయింది. నేను చెప్పదలుచుకున్నది అదే, కాస్త వివరంగా రాస్తాను.

మనకు ప్రైమరీలు లేవు కాబట్టి ముందుగా ఒక సంగతి. మన దగ్గర టికెట్ ఎవరికివ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది, బీ ఫారం చేతికొచ్చేదాకా ఆశావహులు టెన్షన్‌తో పార్టీ ఆఫీసు దగ్గర పడిగాపులు కాస్తారు. అమెరికాలో ఆ టికెట్ ఇచ్చేది ఓటర్లే, ఒక రాష్ట్రం తర్వాత ఒక రాష్ట్రం, నెలల తరబడి. అసలు ఎన్నికల్లో ఓటరుకు పార్టీ గుర్తు ఉంటుంది, సగానికి పైగా నిర్ణయం దాన్ని చూసే అయిపోతుంది. ప్రైమరీలో ఆ ఆసరా ఉండదు. నిలబడ్డ వాళ్లందరిదీ ఒకే పార్టీ, చెప్పేది కూడా ముప్పాతిక వంతు ఒకటే, అందరూ ఆరోగ్య బీమా అంటారు, అందరూ వాతావరణ మార్పు అంటారు, తేడాలు చిన్నచిన్నవి, వాటిని పట్టుకోవాలంటే కూర్చుని చదివే తీరిక కావాలి. ఆ తీరిక లేని మనిషి, తను నమ్మే పత్రిక ఏమంటుందో చూద్దాం అనుకునేది అక్కడే. అందుకే పత్రిక మాటకు అసలు ఎన్నికల్లో కన్నా ప్రైమరీలో ఎక్కువ చోటు ఉంటుందని నేనంటాను.

ఎలా చేశారు

ఇది చాలా వివరంగా చెప్పుకోవాల్సిన భాగం, ఎందుకంటే మనం నేర్చుకోవాల్సింది ఎక్కువగా ఇక్కడే ఉంది.

అప్పట్లో టైమ్స్ ఎడిట్ పేజీకి పెద్ద జేమ్స్ బెనెట్. ఆయన అన్న మైకేల్ బెనెట్ కొలరాడో సెనేటర్, ఆ ప్రైమరీలో స్వయంగా అభ్యర్థి. తోడబుట్టినవాడు పోటీలో ఉన్నాడు కాబట్టి ఆయన ఈ ఎండార్స్‌మెంట్ (మద్దతు ప్రకటన) పని నుంచి పూర్తిగా తప్పుకున్నారు, ఆ బాధ్యత డిప్యూటీ కేథలీన్ కింగ్స్‌బరీ తీసుకున్నారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ క్లాసులో దీని దగ్గర నేను ఆగుతాను. సంపాదకీయం అంటేనే పత్రిక పరువుతో చెప్పే మాట, ఆ పరువును కాపాడుకునే మొదటి పని ఇదే.

రెండోది, వార్తలు రాసే రిపోర్టర్లకూ సంపాదకవర్గానికీ మధ్య గోడ. ఎండార్స్‌మెంట్ రాసేది సంపాదకవర్గం మాత్రమే, అభ్యర్థుల వెంట తిరిగి వార్తలు రాసే రిపోర్టర్లకు అందులో వేలు పెట్టే అవకాశం లేదు. పాఠకుల్లో చాలామందికి ఈ తేడా తెలియదు, వాళ్లకు అంతా "టైమ్స్ చెప్పింది" అనే వినిపిస్తుంది, మర్నాడు ప్రచార సభలో తిట్లు తినేది మాత్రం ఆ రిపోర్టరే. ఈ కష్టం మన జిల్లా విలేకరులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

మూడోది అసలైనది. అభ్యర్థుల్ని ఒక్కొక్కర్నీ ఆఫీసుకు పిలిచి, పెద్ద టేబుల్ చుట్టూ సంపాదకవర్గమంతా కూర్చుని, గంటకు పైగా ప్రశ్నలు వేశారు. అంతకుముందు దాకా ఇలాంటి భేటీలు తలుపులు మూసుకుని, ప్రచురించకూడదనే ఒప్పందంతో జరిగేవి. 2020లో మాత్రం ప్రతిదీ రికార్డులోనే, ప్రతి ఇంటర్వ్యూనూ మొత్తం పాఠంతో ప్రచురించారు. బైడెన్, శాండర్స్, వారెన్, క్లోబుచర్, బుటిజెజ్, బుకర్, యాంగ్, స్టయర్, డెవల్ ప్యాట్రిక్, మొత్తం తొమ్మిది మంది. ఒక టీవీ కార్యక్రమంగా కూడా తీశారు, ఎండార్స్‌మెంట్ ప్రకటన ఆ కార్యక్రమంలోనే వచ్చింది. రియాలిటీ షోలా చేశారని అప్పట్లో విమర్శలొచ్చాయి. ఆ టీవీ హడావిడి నాకూ నచ్చలేదు, కానీ ఇంటర్వ్యూల పాఠం మాత్రం అచ్చమైన బంగారం.

ఎందుకంటున్నానో రెండుమూడు ఉదాహరణలు. మిమ్మల్ని కలుపుకుపోయే మనిషి అనరు కదా అనే ధోరణిలో ప్రశ్నలొచ్చినప్పుడు బెర్నీ శాండర్స్ ఏమన్నారంటే, నాకు భుజాలు తట్టడం, మర్యాద మాటలు చేతకాదు, మీ పుట్టినరోజు వచ్చిందని ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పి, మీరు నా గురించి మంచిగా రాసేలా చేసుకోవడం నా వల్ల కాదు, అని. ఆ మనిషి స్వభావం గురించి పేజీలు పేజీలు రాసినా ఆ రెండు వాక్యాలంత తెలియదు. పీట్ బుటిజెజ్ గతంలో కంపెనీలకు సలహాలిచ్చే మెకిన్సీ సంస్థలో కన్సల్టెంటుగా పనిచేశారు, కెనడాలో ఒక సూపర్ మార్కెట్ సంస్థకు పనిచేశారు, అక్కడి సంస్థలు కుమ్మక్కై బ్రెడ్డు ధరలు పెంచాయన్న వ్యవహారం తర్వాత బయటపడింది. సంపాదకవర్గంలో ఒకరు ఆ సంగతి సూటిగా అడిగితే, బ్రెడ్డు ధరలతో నాకేం సంబంధం అని ఆయన ఘాటైన మాటతోనే తిప్పికొట్టారు. ఎంతో అదుపుగా మాట్లాడే అభ్యర్థికి ఎక్కడ నొప్పి పుడుతుందో ఓటరు చూశాడు.

బైడెన్ సంగతి ఇంకా ముఖ్యం. సోషల్ మీడియా కంపెనీలను, వాడకందారులు పెట్టే పోస్టుల బాధ్యత నుంచి కాపాడే సెక్షన్ 230 అనే నిబంధన ఉంది, దాన్ని వెంటనే రద్దు చేయాలని ఆయన ఆ ఇంటర్వ్యూలోనే అన్నారు. ఆయన అధ్యక్షుడయ్యాక ఏళ్ల తరబడి ఆ చట్టం మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ఎత్తిచూపింది ఆ వాక్యాన్నే. ఎండార్స్‌మెంట్‌ను జనం రెండు నెలల్లో మర్చిపోయారు, ఇంటర్వ్యూలో వాక్యం మాత్రం విధాన చర్చలో నిలిచిపోయింది.

ఇంకో చిన్న దృశ్యం కూడా ఉంది. బైడెన్‌ను పైఅంతస్తుకు లిఫ్టులో తీసుకెళ్లింది ఆ భవనంలో సెక్యూరిటీ ఉద్యోగం చేసే ఒక నల్లజాతి యువతి. లిఫ్టులో ఆమె ఆయన్ని చూసి "ఐ లవ్ యూ" అని, మీరంటే నాకు చాలా ఇష్టమని చెప్పేసింది, ఆయన ఆమెతో ఆగి ఫోటో దిగారు. ఆ క్లిప్ బయటికొచ్చి ఇంటర్నెట్‌ను చుట్టేసింది. ఆగస్టులో పార్టీ మహాసభలో బైడెన్ పేరును అభ్యర్థిగా ముందుగా ప్రతిపాదించింది ఆమే. సంపాదకవర్గం మద్దతు ఆయనకు దక్కలేదు, ఆ భవనంలో పనిచేసే మనిషి మద్దతు దక్కింది. పై అంతస్తులో గంటన్నర ప్రశ్నలతో తేలని విషయం, అంటే మామూలు జనం ఈయన్ని ఎలా చూస్తున్నారనేది, కింద లిఫ్టులో నిమిషంలో తేలింది. సంపాదకవర్గాలు ఇలాంటివి గమనించాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఎక్కడ ఆగిపోయారు

ఆ సంపాదకీయం వాదన క్లుప్తంగా ఇది. పార్టీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి వ్యవస్థను మూలాల నుంచి మార్చాలనే రాడికల్ దారి, రెండోది ఉన్నదాన్ని ఒప్పించి మరమ్మతు చేసే వాస్తవిక దారి. రెండూ పరిశీలించదగినవే. మొదటి దారిలో అందరికన్నా మెరుగు వారెన్, రెండో దారిలో క్లోబుచర్. ఏ దారిలో వెళ్లాలో ఓటర్లే తేల్చుకోవాలి.

చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆలోచించండి, 2020 ప్రైమరీ మొత్తం జరిగింది ఆ ఒక్క ప్రశ్న మీదే. శాండర్స్, వారెన్ ఒకవైపు, బైడెన్, బుటిజెజ్, క్లోబుచర్ మరోవైపు. పాఠకుడికి కష్టంగా ఉన్నది ఆ ప్రశ్నే, సాయం అడిగింది దానికే. దాన్ని తిరిగి పాఠకుడి చేతిలో పెట్టి, మిగతా సులువైన ప్రశ్నలకు జవాబిచ్చారు.

టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉండే మా చెల్లెలి భర్త ఆ రోజుల్లో ఫోన్ చేసి, "బావా, పేపరోళ్లు ఇద్దరి పేర్లు రాశారు, బ్యాలెట్‌లో నేను ఒక్కళ్లకే కదా వెయ్యాలి?" అన్నాడు. కొత్తగా పౌరసత్వం వచ్చి, అధ్యక్ష ప్రైమరీలో మొదటిసారి ఓటు వేయబోతున్న మనిషి, అందుకని శ్రద్ధగా అన్నీ చదువుతున్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఆ సంపాదకీయంలోనూ లేదు.

దీన్ని సమర్థించేవాళ్ల వాదన కూడా చెప్పాలి. లోపల నిజంగా అభిప్రాయం చీలినప్పుడు, లేని ఏకాభిప్రాయం నటించడం కన్నా చీలిందని చెప్పడమే నిజాయితీ కదా? ఈ వాదనను నేను గౌరవిస్తాను. కానీ చీలిక నిజంగా అంతుంటే రెండు దారులున్నాయి. మేం ఎవరికీ మద్దతివ్వడం లేదు, ఇదిగో మా విశ్లేషణ, ఇంటర్వ్యూల పాఠం, మీరే చూసుకోండి అని చెప్పొచ్చు. లేదా, మా మొదటి ఎంపిక ఫలానా, ఆవిడ పోటీలో లేకపోతే రెండోది ఫలానా అని వరస చెప్పొచ్చు. ఈ రెండోది ప్రైమరీలో చాలా పనికొచ్చే మాట. ఆ ఏడాది అన్ని రాష్ట్రాలకన్నా ముందు జరిగిన అయోవా కాకస్‌లో అయితే జనం స్కూల్ జిమ్ముల్లో ఒక్కో అభ్యర్థి తరఫున ఒక్కో మూల గుంపుగా నిలబడ్డారు, ఒక గుంపుకు 15 శాతం రాకపోతే వాళ్లు విడిపోయి మరో గుంపులో కలిసే వీలుండేది, అంటే అక్కడ రెండో ఎంపికకు కూడా నిజమైన విలువ ఉండేది. టైమ్స్ వరస కూడా చెప్పలేదు.

ఆ 15 శాతం లెక్క ఇక్కడ బాగా ముఖ్యం. డెమొక్రాటిక్ పార్టీ నిబంధనల ప్రకారం 15 శాతం ఓట్లు వస్తేనే డెలిగేట్లు, అంటే అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ మహాసభకు వెళ్లే ప్రతినిధులు, దక్కుతారు, రాకపోతే సున్నా. ఫిబ్రవరి 11న న్యూ హ్యాంప్‌షర్‌లో శాండర్స్‌కు 25.6 శాతం, బుటిజెజ్‌కు 24.3, క్లోబుచర్‌కు 19.7, వారెన్‌కు 9.2, బైడెన్‌కు 8.4 వచ్చాయి. డెలిగేట్లు శాండర్స్‌కు 9, బుటిజెజ్‌కు 9, క్లోబుచర్‌కు 6. వారెన్‌కు ఒక్కరూ లేరు. వారెన్, క్లోబుచర్ ఓట్లు కలిపితే మొదటి స్థానంకన్నా ఎక్కువ అని కొందరు లెక్కలు వేశారు. అలా కలపడం తప్పు, ఆ ఇద్దరి ఓటర్లు ఒకే రకం కాదు. నేను చెప్పేది అంతకన్నా చిన్న మాట: ఇలాంటి నిబంధన ఉన్నచోట మద్దతును రెండు ముక్కలు చేస్తే రెండు ముక్కలూ గీత దాటకుండా ఆగిపోయే ప్రమాదం ఉంది.

సమయం కూడా కలిసిరాలేదు. సరిగ్గా ఆ రోజుల్లో ట్రంప్ మీద అభిశంసన విచారణ సెనేట్‌లో నడుస్తోంది. వారెన్, క్లోబుచర్ ఇద్దరూ సెనేటర్లే, రోజంతా వాషింగ్టన్‌లో కుర్చీల్లో కూర్చోవాల్సిందే. ఫిబ్రవరి 3న అయోవా కాకస్, చివరి రెండు వారాల్లో అభ్యర్థి ఊరూరా తిరిగి "చూశారా, పెద్ద పత్రిక నా వైపుంది" అని చెప్పుకోవాలి, అలా చెప్పుకునే మనిషే అక్కడ లేదు. బైడెన్, బుటిజెజ్ మాత్రం హాయిగా తిరిగారు. ఎండార్స్‌మెంట్ పేపర్లో అచ్చయితే చాలదు, దాన్ని జేబులో పెట్టుకుని తిరిగే కార్యకర్త కావాలి.

పక్కన పెట్టి చూడాల్సిన కేసులు

ఒక్క కేసుతో తీర్పు చెప్పకూడదు కాబట్టి క్లాసులో దీని పక్కన మరికొన్ని పెడతాను.

అయోవాలో పెద్ద పత్రిక డి మోయిన్ రిజిస్టర్. 2004 జనవరి 11న, కాకస్‌కు ఎనిమిది రోజుల ముందు, సర్వేల్లో బాగా వెనకబడి ఉన్న నార్త్ కరొలైనా సెనేటర్ జాన్ ఎడ్వర్డ్స్‌కు మద్దతిచ్చింది. 19న ఎడ్వర్డ్స్‌కు 32 శాతంతో రెండో స్థానం వచ్చింది, జాన్ కెర్రీకి 38, అప్పటిదాకా ముందంజలో ఉన్న హోవర్డ్ డీన్‌కు 18. ఇదంతా పత్రిక చలవే అనను, డీన్, మరో అభ్యర్థి గెపార్ట్ ఒకర్నొకరు తిట్టుకుంటూ ఇద్దరూ నష్టపోయారు, ఎడ్వర్డ్స్ ఎవర్నీ తిట్టకుండా నెట్టుకొచ్చారు. అయినా ఆ మద్దతులో మూడు మంచి లక్షణాలున్నాయి: సొంత రాష్ట్రం పత్రిక, ఒక్కటే పేరు, ఎవరూ ఊహించని పేరు. అదే పత్రిక 2008లో హిల్లరీ క్లింటన్‌కు మద్దతిచ్చింది, ఆమె అయోవాలో మూడో స్థానంలో నిలిచారు. అందరికీ ముందే తెలిసిన, దేశమంతా అభిప్రాయం ఏర్పరచుకున్న అభ్యర్థికి పత్రిక కొత్తగా జోడించగలిగేది తక్కువ. 2020లో జనవరి 25న రిజిస్టర్ వారెన్‌ను ఎంచుకుంది, అప్పటికే ఆమె సర్వేల్లో కిందికి జారుతున్నారు, మూడో స్థానం వచ్చింది. పైగా ఆ రాత్రి ఫలితాలు చెప్పాల్సిన యాప్ మొరాయించి రోజుల తరబడి ఎవరు గెలిచారో తేలలేదు, దాంతో ఎవరి మూడో స్థానాన్నీ ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

న్యూ హ్యాంప్‌షర్ యూనియన్ లీడర్ మరో రకం పత్రిక. పక్కా కన్జర్వేటివ్. విలియం లోబ్ యజమానిగా ఉన్న రోజుల్లో అది ఎండార్స్‌మెంట్ రాసేది కాదు, యుద్ధం చేసేది. 1972లో డెమొక్రాట్ ఎడ్మండ్ మస్కీ మీద, ఆయన భార్య మీద రాసిన రాతలకు మండిపడి మస్కీ మంచు పడుతుండగా ఆ పత్రిక ఆఫీసు ముందే ట్రక్కు ఎక్కి మాట్లాడారు, మాట్లాడుతూ ఏడ్చారని రిపోర్టర్లు రాశారు, అవి కన్నీళ్లు కాదు కరిగిన మంచు అని ఆయన మనుషులన్నారు. 46 శాతంతో ఆయన ప్రైమరీ గెలిచారు, అయినా ఆ దృశ్యంతోనే ఆయన ప్రచారం కుంగిపోయింది. అంత బలం ఉన్న పత్రిక 2015 నవంబర్ చివర్లో, ఓటింగ్‌కు రెండు నెలలకు పైగా ముందే, న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీకి మద్దతు ప్రకటించింది. ట్రంప్ రోజూ ఆ పత్రికను తిట్టారు, ఆ పత్రిక ఆయన్ని తిట్టింది, చివరికి 2016 ఫిబ్రవరి ప్రైమరీలో ట్రంప్‌కు 35 శాతం, క్రిస్టీకి 7.4 శాతంతో ఆరో స్థానం. అదే నెలలో క్రిస్టీ వెళ్లి ట్రంప్‌కే మద్దతిస్తే, మేం పొరపాటు పడ్డామని పత్రిక బహిరంగంగా రాసింది. అలా రాయగలగడం గొప్ప విషయమని నా అభిప్రాయం, మన దగ్గర అలాంటి సంపాదకీయం నేను చూడలేదు.

2020లో ఇదే యూనియన్ లీడర్ డెమొక్రాటిక్ ప్రైమరీలో క్లోబుచర్‌కు మద్దతిచ్చింది. ఒక కన్జర్వేటివ్ పత్రిక ఒక డెమొక్రాట్‌ను, ఒక్కరినే ఎంచుకుంది. ఆ వారంలోనే, ఫిబ్రవరి 7న మాంచెస్టర్‌లో జరిగిన డిబేట్‌లో ఆమె బాగా మాట్లాడారు, ఎగ్జిట్ పోల్‌లో దాదాపు సగం మంది చివరి కొన్ని రోజుల్లోనే నిర్ణయించుకున్నామన్నారు. అయోవాలో ఐదో స్థానం నుంచి ఇక్కడ మూడో స్థానానికి ఆమె ఎక్కడంలో పెద్ద వాటా డిబేట్‌దే. కానీ డిబేట్ చూసి "ఈవిడ బాగుందే" అనుకున్న మనిషికి, తన ఊరి పత్రిక కూడా అదే అన్నదని తెలిస్తే ఆ ఆలోచన గట్టిపడుతుంది. 2000, 2004 అసలు ఎన్నికల సర్వేలను పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలు తేల్చింది కూడా ఇదే దిశలో ఉంది: ఎటు మొగ్గుతుందో అందరికీ తెలిసిన పత్రిక అటే మద్దతిస్తే ప్రభావం తక్కువ, ఊహించని వైపు మద్దతిస్తే ఎక్కువ. టైమ్స్ లాంటి లిబరల్ పత్రిక వారెన్ పేరు చెప్పడంలో ఎవరికీ ఆశ్చర్యం లేదు. ఒక్క క్లోబుచర్ పేరే చెప్పి ఉంటే ఆశ్చర్యం ఉండేది. రెండు పేర్లు పక్కపక్కన పెట్టేసరికి ఆ ఆశ్చర్యం కూడా పోయింది.

ఇద్దరి పేర్లు చెప్పే జబ్బు అక్కడితో ఆగలేదు. నెవాడాలో లాస్ వేగాస్ సన్ కూడా బైడెన్, క్లోబుచర్ ఇద్దరికీ మద్దతిచ్చింది. ఫిబ్రవరి 22న అక్కడ శాండర్స్ 46.8 శాతంతో ఊడ్చేశారు.

సౌత్ కరొలైనా

ఇక్కడ మన కేసు పూర్తిగా మలుపు తిరుగుతుంది. కొలంబియా నగరంలోని ద స్టేట్ పత్రిక బుటిజెజ్‌కు మద్దతిచ్చింది. ఆయనకు అక్కడ పెద్దగా ఏమీ రాలేదు. ఫిబ్రవరి 26న ఆ రాష్ట్రం నుంచి అమెరికా కాంగ్రెస్‌కు (వాళ్ల పార్లమెంటుకు) ఎన్నికైన జిమ్ క్లైబర్న్ బైడెన్‌కు మద్దతిచ్చారు. మూడు రోజుల తర్వాత బైడెన్ 48 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు, శాండర్స్‌కు 20 శాతం లోపే. క్లైబర్న్ మాట మా ఓటును ప్రభావితం చేసిందని ఎగ్జిట్ పోల్‌లో చాలామంది చెప్పారు.

దీని వెనక కథ క్లైబర్నే చెప్పారు. ఆయన ఒక అంత్యక్రియలకు వెళ్లారు, చర్చిలో ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ ఆయన్ని దగ్గరికి పిలిచి, నీ ఓటెవరికో చెప్పు, గట్టిగా చెప్పడం ఇష్టం లేకపోతే నా చెవిలో చెప్పు అంది. బైడెన్‌కు అని ఆయన చెవిలో చెప్పారు. నాకు ఆ మాట వినాలనుంది, ఈ జనానికి కూడా నీ నోటి నుంచి వినాలనుంది అని ఆవిడ అంది. తర్వాత వేదిక మీద క్లైబర్న్ అన్న మాట దేశమంతా మోగింది: మాకు జో తెలుసు, అన్నిటికన్నా ముఖ్యంగా జోకు మేం తెలుసు.

పత్రికలకూ ఆయనకూ తేడా నాకు ఈ పెద్దావిడ ప్రశ్నలో కనిపిస్తుంది. ఆవిడ విశ్లేషణ అడగలేదు, ఆ ఊళ్లో విశ్లేషణకు కొదవ లేదు. దశాబ్దాలుగా తమ మధ్య ఉన్న మనిషి, తమ మేలు కోరే మనిషి, ఒక్క పేరు చెప్పాలి. ఆయన చెప్పారు. ఒకప్పుడు ఊరి పత్రికకు ఆ స్థానం ఉండేది. సర్క్యులేషన్ పడిపోయి, జిల్లాల్లో విలేకరుల్ని తీసేసి, కంపెనీల చేతులు మారి, ఆ పత్రికలకు తమ పాఠకులు ఎవరో, పాఠకులకు ఆ పత్రిక ఎవరిదో తెలియకుండా పోయింది. మద్దతు ప్రకటన బలహీనపడటానికి అసలు మూలం ఇక్కడుంది, సంపాదకీయం భాషలో కాదు.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. మార్చి 1న బుటిజెజ్, 2న క్లోబుచర్ తప్పుకున్నారు, 2వ తేదీ రాత్రి ఇద్దరూ డాలస్ వచ్చి బైడెన్‌కు మద్దతు చెప్పారు. 3న సూపర్ ట్యూస్‌డే, అంటే ఒకేరోజు చాలా రాష్ట్రాల్లో ఓటింగ్ జరిగే మంగళవారం, 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వి. క్లోబుచర్ సొంత రాష్ట్రం మిన్నెసోటా కూడా అందులో ఉంది. బోస్టన్ గ్లోబ్ వారం ముందు మద్దతిచ్చినా వారెన్ సొంత మసాచుసెట్స్‌లో మూడో స్థానంలో మిగిలి, 5న తప్పుకున్నారు. టెక్సస్‌లో ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 18 నుంచి 28 దాకా జరిగింది, అంటే టైమ్స్ మాట నమ్మి ఆ పదకొండు రోజుల్లో క్లోబుచర్‌కు ఓటేసిన వాళ్ల ఓటు, లెక్కింపు రోజుకు పోటీలో లేని అభ్యర్థికి పడింది. ఆరు వారాల ముందు, ఇంకా తొలి కాకస్ కూడా జరగకముందు ఇచ్చిన మద్దతును, బరిలో మనుషులు మారుతున్నా పత్రిక తిరిగి చూడకపోవడం నాకు పెద్ద లోపంగా అనిపిస్తుంది. సౌత్ కరొలైనా తర్వాతి రోజు ఒక చిన్న సంపాదకీయం, "ఇప్పుడు మా మాట ఇది" అని రాసి ఉండొచ్చు.

మన డెస్కులకు

మన పత్రికలు ఫలానా అభ్యర్థికి ఓటేయండి అని సంపాదకీయంలో రాయడం అరుదు. అలాగని మొగ్గు లేదా అంటే, ఏ పత్రిక ఎటో టీ కొట్టు దగ్గర ఎవర్నడిగినా చెప్తారు. 1982లో ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టినప్పుడు, 1983 జనవరి ఎన్నికల దాకా ఈనాడు ఆయనకు ఎంత అండగా నిలబడిందో అందరికీ తెలిసిందే, 2008లో వచ్చిన సాక్షి ఎవరిదో కూడా తెలిసిందే. అది దాచిన రహస్యం కాదు. ఇబ్బంది ఎక్కడంటే ఆ మొగ్గు సంపాదకీయంలో కారణాలతో కనిపించాల్సింది పోయి, మొదటి పేజీ హెడ్డింగుల్లో, ఏ సభ ఫోటో ఎంత పెద్దగా వేశారన్న దాంట్లో కనిపిస్తుంది. ఇంకా ఘోరం 2009 ఎన్నికల్లో బయటపడిన పెయిడ్ న్యూస్, డబ్బు తీసుకుని అభ్యర్థి పొగడ్తను వార్తగా వేయడం, దాని మీద ప్రెస్ కౌన్సిల్ విచారణ కూడా జరిగింది. పత్రిక తన పేరుతో, తన కారణాలతో, సంపాదకీయంలో "మేం ఈయన్ని సమర్థిస్తున్నాం" అని రాస్తే పాఠకుడు ఒప్పుకోవచ్చు, తిట్టొచ్చు, కనీసం ఎవరు మాట్లాడుతున్నారో తెలుసు.

మద్దతు చెప్పే ధైర్యం మన యాజమాన్యాలకు ఇప్పట్లో వస్తుందని నేననుకోను. అమెరికాలోనే వెనక్కి వెళ్తున్నారు, 2024లో వాషింగ్టన్ పోస్ట్ యజమాని అధ్యక్ష ఎండార్స్‌మెంట్ ఆపించేస్తే రెండున్నర లక్షల మంది చందాదారులు వదిలేశారని వార్తలొచ్చాయి. కానీ టైమ్స్ చేసిన పనిలో మొదటి సగం మనం రేపే మొదలుపెట్టొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక నియోజకవర్గం తీసుకోండి. ప్రధాన అభ్యర్థులందర్నీ జిల్లా ఆఫీసుకు పిలవండి, అనుచరుల్ని బయట కూర్చోబెట్టండి. అందరికీ అవే ప్రశ్నలు: నామినేషన్‌తో పాటు ఫారం 26లో ఇచ్చిన అఫిడవిట్‌లో ఆస్తులు గత ఎన్నికల నాటికన్నా ఇంత ఎందుకు పెరిగాయి, మీ మీదున్న కేసు ఏ దశలో ఉంది, ఫలానా చెరువు కబ్జా మీద మీ మాట ఏంటి, తాగునీటి పైపులైను ఏ సంవత్సరానికి ఏ ఊరికి వస్తుంది. అభ్యర్థి రికార్డరు ఆపమంటే ఆపొద్దు. రానన్న అభ్యర్థి పేరు పక్కన రాలేదని అచ్చేయండి. ఒక్క మాట కూడా కత్తిరించకుండా మొత్తం పాఠం వెబ్‌సైట్‌లో పెట్టి, జిల్లా ఎడిషన్‌లో రెండు పూర్తి పేజీలు ఇవ్వండి, పోలింగ్‌కు ముందు ఆదివారం.